నెట్‌వర్క్ స్టోరేజ్ తెరుచుకోనప్పుడు లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా?

[తెరపై: ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కిటికీ. జెడ్ డ్రైవ్ మీద ఎర్రటి ఇంటూ గుర్తు.]

నమస్కారం. ఇంటిల్లిపాది ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, ఇంటి దస్తావేజుల నకళ్లు ఒకేచోట భద్రంగా ఉండాలని నెట్‌వర్క్ స్టోరేజ్‌ను, అంటే రూటర్‌కు తగిలించి ఇంట్లో అందరూ వాడుకునే, నాస్ అని పిలిచే డిస్కుల పెట్టెను అమర్చుకున్న ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. నిన్నటిదాకా కంప్యూటర్‌లో తెరుచుకున్న ఫోల్డర్ ఈరోజు తెరుచుకోదు. ఫోన్‌లో మాత్రం అవే ఫోటోలు హాయిగా కనిపిస్తుంటాయి. దాంతో బయటి కనెక్షన్లను అడ్డుకునే రక్షణ గోడ అయిన ఫైర్‌వాల్‌ను ఆపేయడం, విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, ఎవరో చెప్పిన పాత ఫీచర్లను ఆన్ చేయడం మొదలవుతుంది. చాలా సందర్భాల్లో వీటిలో ఏదీ అవసరం ఉండదు.

ముందుగా ఫోన్ సంగతి. ఫోన్‌లోని నాస్ యాప్ సాధారణంగా ఒక వెబ్‌సైట్ తెరుచుకున్న పద్ధతిలోనే నాస్‌తో మాట్లాడుతుంది. విండోస్ మాత్రం షేర్డ్ ఫోల్డర్ల కోసం ఎస్ఎంబీ అనే ప్రోటోకాల్‌ను, అంటే పరికరాలు మాట్లాడుకునే నియమావళిని, 445 నంబరు పోర్టు అనే ద్వారం గుండా వాడుతుంది. కాబట్టి ఫోన్‌లో ఫోటోలు వచ్చాయంటే నాస్ నడుస్తోందని, డిస్కులను చదవగలుగుతోందని మాత్రమే అర్థం. ఎస్ఎంబీ దారి బాగుందని అర్థం కాదు.

[తెరపై: మూడు మాటలు ఒకదాని కింద ఒకటి. కనిపించడం. చేరడం. అనుమతి.]

నాస్ జాబితాలో కనిపించకపోవడం ఒక సమస్య. కంప్యూటర్ నుంచి నాస్ దాకా దారి లేకపోవడం రెండోది. దారి ఉన్నా నాస్ గానీ విండోస్ గానీ లోపలికి అనుమతించకపోవడం మూడోది. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు, పైగా కొన్నిసార్లు కొత్త ఇబ్బంది తెచ్చిపెడుతుంది.

విండోస్‌లోని నెట్‌వర్క్ పేజీలో నాస్ పేరు లేకపోతే కంగారు పడనవసరం లేదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి బోర్డులో ఒక పేరు చెరిగిపోయినంత మాత్రాన ఆ ఇంట్లో మనుషులు లేరని కాదు కదా. పూర్వం ఈ జాబితాను ఎస్ఎంబీ 1 మీద, అంటే ఎస్ఎంబీ తొలి వెర్షన్ మీద ఆధారపడిన కంప్యూటర్ బ్రౌజర్ సర్వీసు తయారుచేసేది. ఇప్పుడు డబ్ల్యూఎస్ డిస్కవరీ అనే వేరే పద్ధతి ఆ పని చేస్తుంది, పాత నాస్‌లు చాలావాటిలో ఆ సదుపాయం ఉండదు. విండోస్ సెట్టింగ్స్‌లో మీ ఇంటి వై-ఫైని పబ్లిక్ నెట్‌వర్క్‌గా నమోదు చేసి ఉన్నా పరికరాలను వెదకడం ఆగిపోతుంది కనుక, దాన్ని ప్రైవేట్‌గా మార్చి చూడండి. అయినా పేరు కనిపించకపోతే జాబితాను పక్కన పెట్టి, నేరుగా చిరునామాతోనే వెళ్లవచ్చు.

[తెరపై: ఎక్స్‌ప్లోరర్ పై పట్టీలో \\192.168.0.20 అని టైప్ చేస్తున్న దృశ్యం.]

నాస్ ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు, మీ రూటర్ పేజీలోని కనెక్టెడ్ డివైజెస్ జాబితాలో గానీ, ఫోన్ యాప్‌లో గానీ దొరుకుతుంది. ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ పట్టీలో రెండు వెనుక గీతలు పెట్టి ఆ చిరునామా రాసి ఎంటర్ నొక్కండి. ఫోల్డర్లు తెరుచుకుంటే మీ సమస్య పేరుకో, పాత చిరునామాకో సంబంధించినదే. కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్, నాస్ రెండూ కొత్తగా మొదలై, నాస్‌కు మరో చిరునామా దక్కడం వల్ల పాత చిరునామాతో పెట్టుకున్న జెడ్ డ్రైవ్, అంటే నాస్ ఫోల్డర్‌కు విండోస్‌లో ఇచ్చుకున్న అడ్డదారి, పనిచేయకపోవడం మన ఇళ్లలో మామూలే. రూటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట నాస్‌కు ఒకే చిరునామా ఎప్పటికీ ఉండేలా నిర్ణయిస్తే ఈ బాధ తీరిపోతుంది.

ఇప్పుడు రెండో మెట్టు. చిరునామా సరిగ్గానే రాసినా, 80070035 తో ముగిసే కోడ్‌తో నెట్‌వర్క్ మార్గం దొరకలేదని విండోస్ చెప్పిందనుకుందాం. అప్పుడు కంప్యూటర్ చిరునామాను, నాస్ చిరునామాను పక్కపక్కన పెట్టి చూడాలి.

[తెరపై: ఎడమవైపు కంప్యూటర్, 192.168.1.14. కుడివైపు నాస్, 192.168.0.20. మూడో అంకె చుట్టూ ఎర్రటి వలయం.]

చుక్కల మధ్య ఉన్న నాలుగు సంఖ్యల్లో మూడోదాన్ని గమనించండి. ఒకటి 1, మరొకటి 0. సాధారణంగా ఇళ్లలో ఉండే ఏర్పాటులో ఇవి రెండూ వేర్వేరు నెట్‌వర్కులు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన పెట్టెలో ఒక వై-ఫై ఉండగా, సిగ్నల్ సరిపోక మనం మరో రూటర్ కొని దానికి తగిలించినప్పుడు ఇది జరుగుతుంది. నాస్ లోపలి రూటర్‌కు, కంప్యూటర్ బయటి పెట్టె వై-ఫైకి కలిసి ఉంటే, బయటి పెట్టెకు 192.168.0.20 ఎక్కడుందో తెలియదు కనుక పింగ్ చేసినా, అంటే ఉన్నావా అని పలకరింపు పంపినా, జవాబు రాదు. ఏర్పాటు తలకిందులై, కంప్యూటర్ లోపల, నాస్ బయట ఉంటే చిరునామాతో ఫోల్డర్ తెరుచుకుంటుంది, జాబితాలో మాత్రం కనిపించదు. ఒకే ఇంట్లో ఒక గదిలో పనిచేసి మరో గదిలో పనిచేయకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. రెండో రూటర్‌ను సొంత నెట్‌వర్క్ లేకుండా వై-ఫై మాత్రమే అందించే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మారిస్తే ఇంటి మొత్తానికి ఒకే నెట్‌వర్క్ మిగులుతుంది. మార్చిన తర్వాత నాస్ చిరునామా కూడా మారవచ్చని గుర్తుంచుకోండి.

అతిథుల కోసం పెట్టిన గెస్ట్ వై-ఫైకి కంప్యూటర్ కలిసి ఉన్నా, కంప్యూటర్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. కంప్యూటర్ చిరునామా 169.254తో మొదలైతే దానికి రూటర్ నుంచి చిరునామానే రాలేదన్నమాట. అప్పుడు చూడవలసింది కేబుల్‌ను, వై-ఫైని, రూటర్‌ను.

పింగ్‌కు జవాబు రాకపోయినంత మాత్రాన తీర్పు చెప్పకండి, ఎందుకంటే కొన్ని నాస్‌లు పింగ్‌కు బదులివ్వకుండా అమర్చి ఉంటాయి. ఆదేశాలు టైప్ చేసే విండోస్ కిటికీ అయిన పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశంతో 445 పోర్టును పరీక్షించడమే నమ్మదగిన పద్ధతి. చివరి వరుసలో ట్రూ అని వస్తే దారి తెరిచే ఉంది, ఫైర్‌వాల్ జోలికి వెళ్లవలసిన పని లేదు.

[తెరపై: పవర్‌షెల్ కిటికీ. చివరి వరుసలో ట్రూ.]

దారి ఉండి కూడా లోపలికి వెళ్లలేకపోవడం మూడో మెట్టు. ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్, ప్రపంచమంతా వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. విండోస్‌లోని ఎస్ఎంబీ 1లో ఉన్న లోపం ద్వారానే అది ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో దిద్దుబాటు ఇచ్చింది గానీ, పంపే సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసే ఏర్పాటు లేని ఆ పాత ప్రోటోకాల్‌ను అప్పటి నుంచి విండోస్‌లోంచి క్రమంగా తప్పిస్తూ వచ్చింది. విండోస్ 10లో ఒక విచిత్రమైన ఏర్పాటు కూడా ఉంది. కంప్యూటర్ ఆపి ఉన్న సమయాన్ని మినహాయించి, మొత్తం 15 రోజులు ఎస్ఎంబీ 1ను ఎవరూ వాడకపోతే అది తనంతట తానే తొలగిపోతుంది. ఏ సెట్టింగూ ముట్టుకోలేదని యజమాని ప్రమాణం చేసి చెప్పగలిగినా నాస్ తెరుచుకోకపోవడానికి ఇదొక కారణం.

ఎస్ఎంబీ 1 కావాలని విండోస్ సందేశం వస్తే, విండోస్ ఫీచర్స్‌లో దాని పక్కన టిక్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. పెడితే నాస్ తెరుచుకుంటుంది కూడా. అయినా అది చేయవద్దని నా గట్టి సలహా. మార్చవలసింది నాస్ వైపు. నాస్ కంట్రోల్ ప్యానెల్‌లో ఎస్ఎంబీ సెట్టింగ్స్ తెరిచి, కనీస ప్రోటోకాల్‌ను ఎస్ఎంబీ 2గా, గరిష్ఠాన్ని ఎస్ఎంబీ 3గా పెట్టండి. ఆ అవకాశమే లేని చాలా పాత నాస్ అయినా, రూటర్ యూఎస్‌బీకి తగిలించిన డిస్కు అయినా, ఫైళ్లను మరో మార్గంలో బయటకు తెచ్చుకుని ఆ పరికరానికి విశ్రాంతి ఇవ్వడమే మేలు.

2024 అక్టోబరులో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 వెర్షన్‌తో మరో మార్పు జరిగింది. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ప్రతి ఎస్ఎంబీ సందేశానికీ డిజిటల్ సంతకం తప్పనిసరి అయింది. ఈ సంతకానికి కావలసిన తాళంచెవి యూజర్ పాస్‌వర్డ్ నుంచి పుడుతుంది. పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశానికి తాళంచెవే ఉండదు గనుక విండోస్ కలవడానికి నిరాకరిస్తుంది. గుర్తింపులేని గెస్ట్ ప్రవేశాన్ని మీ సంస్థ భద్రతా విధానాలు అడ్డుకుంటున్నాయని, ఇంట్లో ఏ సంస్థా లేకపోయినా, తెర మీద రాసి చూపిస్తుంది. దీనికి పరిష్కారం నాస్‌లో ఇంట్లోని ఒక్కొక్కరికీ ఒక యూజర్‌ను, పాస్‌వర్డ్‌ను సృష్టించి, ఎవరికి ఏ ఫోల్డర్ అందాలో నిర్ణయించడం. నాస్ సంతకానికి కూడా సిద్ధంగా ఉండాలి కాబట్టి దాని సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసుకోండి.

[తెరపై: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతున్న విండోస్ పెట్టె.]

ఇక పాస్‌వర్డ్ అడిగి, ఇచ్చినా తప్పంటున్న సందర్భం. ఇక్కడ ఇవ్వవలసింది నాస్‌లో సృష్టించిన యూజర్ పాస్‌వర్డ్. కంప్యూటర్ తెరవడానికి వాడే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు. యూజర్‌నేమ్ ముందు నాస్ పేరు, ఒక వెనుక గీత చేర్చి రాస్తే విండోస్ తన సొంత ఖాతాతో తికమక పడదు. ఎప్పుడో దాచుకున్న పాత పాస్‌వర్డ్‌ను అది మనకు తెలియకుండా పంపుతూ ఉండవచ్చు, కాబట్టి క్రెడెన్షియల్ మేనేజర్‌లో నాస్ పేరుతోనూ, చిరునామాతోనూ ఉన్న నమోదులను తొలగించండి. అదే సర్వర్‌కు ఒకేసారి రెండు యూజర్‌నేమ్‌లతో కలవకూడదని 1219 నంబరుతో సందేశం వస్తే, నెట్ యూజ్ ఆదేశంతో పాత కనెక్షన్లన్నీ తుడిచి, ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. తప్పు పాస్‌వర్డ్ పదేపదే వెళితే కొన్ని నాస్‌లు ఆ కంప్యూటర్ చిరునామాను నిషేధిస్తాయి. ఇంట్లో మిగతా కంప్యూటర్లన్నీ పనిచేస్తూ ఇదొక్కటే పనిచేయకపోతే నాస్‌లోని బ్లాక్ జాబితాను తప్పక చూడండి.

ఫోల్డర్ తెరుచుకున్నాక చేయవలసిన పని ఒకటుంది. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి గెట్-ఎస్ఎంబీకనెక్షన్ ఆదేశం ఇస్తే, డయలెక్ట్ అనే వరుసలో ఒక సంఖ్య వస్తుంది.

[తెరపై: డయలెక్ట్ కింద 3.1.1.]

3తో మొదలైతే అంతా సవ్యంగా ఉన్నట్టు. 2తో మొదలైనా ఇంటి అవసరానికి సరిపోతుంది. 1.5 అని కనిపిస్తే ఎవరో ఎప్పుడో ఎస్ఎంబీ 1ను ఆన్ చేసి ఉంచారన్నమాట. నాస్ కనీస ప్రోటోకాల్‌ను మార్చి, విండోస్ ఫీచర్స్‌లో ఆ టిక్ తీసేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి అదే ఆదేశాన్ని మరోసారి ఇచ్చి చూడండి.