శ్రుతి తప్పకుండా ఎంతసేపు? ఘనపదార్థాలలో క్వాంటమ్ సంబద్ధత

సభకు నమస్కారం.

అమరావతిలో రానున్న క్వాంటమ్ వ్యాలీ గురించి 2025లో ప్రకటన వెలువడినప్పుడు, అక్కడ ఐబీఎం సంస్థ నెలకొల్పే యంత్రంలో 156 క్యూబిట్లు (క్వాంటమ్ కంప్యూటర్ లెక్కలకు వాడే మూల ఘటకాలు) ఉంటాయన్న వార్త మనలో చాలామందికి చేరింది. భౌతికశాస్త్ర పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ని కాబట్టి, ఆ తరువాత పెళ్లిళ్లలోనూ రైలు ప్రయాణాలలోనూ కలిసినవారు నన్ను ఒకటే అడిగేవారు: 156 అంటే ఎక్కువా, తక్కువా అని. నేను ప్రతిసారీ ఒక ఎదురుప్రశ్న వేసి తప్పించుకునేవాణ్ని: అవి ఎంతసేపు క్యూబిట్లుగా నిలుస్తాయో ఎవరైనా చెప్పారా అని. మర్యాదకు అది సరిపోయింది గానీ, అడిగినవారికి జవాబు మాత్రం దొరకలేదు. ఈ రోజు ఆ బాకీ తీర్చే ప్రయత్నం చేస్తాను.

తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ చదివినవారికి ‘సంబద్ధ జనకాలు’ అన్న మాట గుర్తుండే ఉంటుంది. యంగ్ జంట చీలికల ప్రయోగంలో తెరపై చీకటి వెలుగుల పట్టీలు కనబడాలంటే, రెండు చీలికల నుంచి వచ్చే కాంతి తరంగాల మధ్య దశాభేదం మారకుండా ఉండాలని, పక్కపక్కన రెండు బల్బులు వెలిగిస్తే ఆ పట్టీలు రావని అప్పుడు చదువుకున్నాం. క్వాంటమ్ సంబద్ధతకు మూలం కూడా అదే. క్యూబిట్ సున్నా, ఒకటి అనే రెండు స్థితుల అధ్యారోపణంలో, అంటే ఒకేసారి రెండింటి కలయికగా, ఉన్నప్పుడు, ఆ రెండు భాగాల మధ్య ఒక నిర్దిష్టమైన దశ ఉంటుంది. తంబురా తీగలు శ్రుతి కలిసి ఉన్నట్టుగా ఆ దశ నిలిచి ఉన్నంతసేపే తప్పుడు జవాబులకు దారితీసే తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, సరైన జవాబుకు దారితీసేవి బలపడతాయి. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టేందుకు కనిపెట్టిన పద్ధతి శక్తి అంతా ఈ వ్యతికరణంలోనే ఉంది. దశ చెదిరిపోయిందంటే మిగిలేది బొమ్మా బొరుసూ ఆడే నాణెం మాత్రమే; నాణేలు ఎన్ని పోగేసినా క్వాంటమ్ కంప్యూటర్ కాదు.

ఈ చెదరడానికి రెండు దారులున్నాయి. క్యూబిట్ తన శక్తిని పరిసరాలకు ఇచ్చేసి ఒకటి నుంచి సున్నాకు జారిపోవచ్చు. అందుకు పట్టే సగటు కాలాన్ని టీ1 అంటారు. లేదా శక్తి ఏమీ పోకుండానే దశ మాత్రం గతి తప్పవచ్చు. రెండూ కలిసి దశను ఎంతకాలం నిలవనిస్తాయో చెప్పేది టీ2. టీ2 ఎన్నడూ టీ1కి రెండు రెట్లను మించలేదు.

ఇక ఘనపదార్థం సంగతి చూడండి. శూన్యంలో వేలాడే ఒంటరి అయాన్‌ను ప్రశాంతంగా ఉంచడం కష్టమే అయినా ఊహకు అందుతుంది. కానీ ఒక ఘన సెంటీమీటరు సిలికాన్‌లో సుమారు 5×10²² పరమాణువులుంటాయి. అవన్నీ కంపిస్తుంటాయి, వాటిలో కొన్నింటి కేంద్రకాలు చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి, లోపాలున్న చోట్ల ఎలక్ట్రాన్లు చిక్కుకుని మళ్లీ బయటపడుతుంటాయి. తిరునాళ్ల మధ్యలో కూర్చుని వీణ శ్రుతి చేసుకోవడం లాంటిది ఇందులో క్వాంటమ్ దశను కాపాడటం. అయినా చిప్పులుగా చెక్కడానికీ, తీగలతో నడిపించడానికీ అనువైనది ఘనపదార్థమే కాబట్టి ఈ కష్టానికి సిద్ధపడక తప్పలేదు.

ఈ రణగొణల మధ్య నిశ్శబ్దం ఉన్న చోటు అతివాహకం. 1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని 4.2 కెల్విన్ వరకు చల్లబరచి, దాని విద్యుత్ నిరోధం మాయమవడం చూశాడు. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలు కట్టి, కోట్లాది జంటలు ఒకే తరంగంగా, ఒకే దశతో నడుస్తాయని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరించారు. కేంబ్రిడ్జ్‌లో ఇరవై రెండేళ్ల పరిశోధక విద్యార్థి బ్రయన్ జోసెఫ్‌సన్ 1962లో దీన్నుంచి ఒక వింత ఫలితం రాబట్టాడు. రెండు అతివాహకాల మధ్య పల్చని బంధక పొర ఉంచితే, ఎలాంటి వోల్టేజీ లేకుండానే ఎలక్ట్రాన్ జంటలు సొరంగ ప్రభావంతో, అంటే ఎక్కి దాటే శక్తి లేకపోయినా గోడలోంచి దూరిపోయినట్టుగా, ఆ పొరను దాటిపోతాయని, ఆ ప్రవాహం ఎంతన్నది రెండు వైపుల దశల తేడాయే నిర్ణయిస్తుందని అతడు లెక్కగట్టాడు. అప్పటికే నోబెల్ అందుకున్న బార్డీన్ అది సాధ్యం కాదన్నాడు. ఆ ఏడాదే లండన్‌లో జరిగిన సదస్సులో ఇద్దరూ బహిరంగంగా వాదించుకున్నారు. మరుసటి ఏడాది అండర్సన్, రోవెల్ చేసిన ప్రయోగం కుర్రవాడి పక్షాన నిలిచింది. పెద్దలతో విభేదించడానికి జంకే మన విద్యార్థులకు నేను ఈ కథ తరచుగా చెబుతుంటాను.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. కోట్లాది జంటలు ఒకే దశతో నడవడం ఒకటి. ఆ సమూహపు దశే ఒక క్వాంటమ్ కణంలా రెండు స్థితుల అధ్యారోపణంలో ఉండటం వేరొకటి. ఆ రెండో సంగతిని ప్రయోగంలో పరీక్షించాలని 1980లో ఆంథొనీ లెగెట్ పట్టుబట్టాడు. బర్క్‌లీలో జాన్ క్లార్క్, ఆయన వద్ద పనిచేస్తున్న మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్ 1984, 1985 సంవత్సరాలలో ఆ పని చేశారు. రెండు అతివాహకాల మధ్య పల్చని పొర ఉన్న ఆ అమరికను, అంటే జోసెఫ్‌సన్ సంధిని, చల్లబరుస్తూ పోతే, వోల్టేజీ లేని స్థితి నుంచి అది తప్పించుకునే వేగం మొదట తగ్గుతూ వచ్చి, ఒక ఉష్ణోగ్రత కింద ఇక మారకుండా నిలిచిపోయింది. వేడి తోయకపోయినా అది గోడ దాటుతున్నదంటే సొరంగ ప్రభావంతో దాటుతున్నట్టే. మైక్రోతరంగాలు పంపి చూస్తే, పరమాణువులో మాదిరిగా విడివిడి శక్తి స్థాయిలు కూడా కనిపించాయి. కంటికి కనిపించేంత వలయం ఒక పరమాణువులా ప్రవర్తించింది. నలభై ఏళ్ల తరువాత, 2025లో, ఆ ముగ్గురికీ భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ కృత్రిమ పరమాణువును లోలకంతో పోల్చితే తేలికగా అర్థమవుతుంది. ఇది పోలికకన్నా ఎక్కువ, ఎందుకంటే రెండింటి సమీకరణమూ ఒకటే. సాధారణ తీగచుట్ట, కెపాసిటర్ కలిసిన వలయంలో శక్తి స్థాయిలు నిచ్చెన మెట్లలా సమాన దూరంలో ఉంటాయి. కింది మెట్టు నుంచి పైకి తోసే మైక్రోతరంగం మూడో మెట్టుకూ, నాలుగో మెట్టుకూ కూడా తోసేస్తుంది. తీగచుట్ట స్థానంలో జోసెఫ్‌సన్ సంధిని పెడితే, పెద్దగా ఊగేకొద్దీ లోలకం నెమ్మదించినట్టుగా, మెట్ల మధ్య దూరం పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. అప్పుడు కింది రెండు మెట్లనే ఎంచుకుని వాటినే సున్నా, ఒకటిగా వాడుకోవచ్చు. వాటి మధ్య తేడా సాధారణంగా 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది; ఉష్ణోగ్రతగా మార్చి చూస్తే అది 0.24 కెల్విన్ మాత్రమే. అందుకే నక్షత్రాల మధ్య అంతరిక్షం కూడా, 2.7 కెల్విన్‌తో, దీనికి మండుటెండ. హీలియం రెండు ఐసోటోపుల మిశ్రమంతో నడిచే శీతల యంత్రాలలో 10, 20 మిల్లీకెల్విన్ల వద్ద ఈ చిప్పులను ఉంచుతారు. పత్రికల్లో షాండ్లియర్‌లా మెరిసే బంగారు రంగు సామగ్రి ఫొటోలు వస్తాయే, ఆ సామగ్రిలో ఎక్కువ భాగం చల్లబరచడానికీ, సంకేతాలను మోయడానికీ ఉన్నదే. కంప్యూటరు అడుగున ఎక్కడో వేలెడంత ఉంటుంది.

1999లో జపాన్‌లోని ఎన్ఈసీ ప్రయోగశాలలో నకమురా, పష్కిన్, త్సాయ్ ఇలాంటి క్యూబిట్‌ను మొదటిసారి తమ ఇష్టప్రకారం అధ్యారోపణంలోకి నడిపించారు. దాని సంబద్ధత సుమారు 2 నానోసెకన్లు. అంతసేపట్లో కాంతి ఈ వేదికను కూడా దాటదేమో. తరువాతి కథ ఒక రకంగా, ఆ రెండు నానోసెకన్లను సాగదీసిన కథే.

మొదటి శత్రువు విద్యుదావేశం. ఆ తొలి క్యూబిట్ తన పరిసరాలలో ఒక్క ఎలక్ట్రాన్ చోటు మారినా శ్రుతి తప్పేది. 2007లో యేల్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ట్రాన్స్‌మాన్ అనే రకం క్యూబిట్, సంధికి పెద్ద కెపాసిటర్‌ను జోడించి దీనికి మందు కనిపెట్టింది. కెపాసిటర్ పెరిగేకొద్దీ ఆవేశపు అలజడి ప్రభావం చాలా వేగంగా పడిపోతుంది. మెట్ల మధ్య మనకు కావలసిన అసమానత కూడా తగ్గుతుంది గానీ ఎంతో నెమ్మదిగా తగ్గుతుంది. ఇంత లాభసాటి బేరం ఇంజనీరింగ్‌లో అరుదుగా దొరుకుతుంది. ఐబీఎం, గూగుల్ యంత్రాలలోనూ, ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ 2024లో డీఆర్‌డీఓ శాస్త్రవేత్తలతో కలిసి నడిపి చూసిన ఆరు క్యూబిట్ల యంత్రంలోనూ వాడినవి ఈ కోవకు చెందిన అతివాహక వలయాలే.

రెండో శత్రువును పట్టించినది గాజు. 1970ల మొదట్లో, అతి శీతల స్థితిలో గాజు పీల్చుకునే వేడి స్ఫటికం లెక్కలకు లొంగకపోవడం గమనించారు. 1972లో అండర్సన్, హాల్పెరిన్, భారతీయుడైన చంద్ర వర్మ కలిసి ఒక వివరణ ఇచ్చారు. ఫిలిప్స్ విడిగా అదే చెప్పాడు. గాజులో పరమాణువుల అమరిక క్రమం తప్పి ఉంటుంది కాబట్టి, కొన్ని పరమాణువులు పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల మధ్య ఊగిసలాడుతుంటాయని, ఒక్కొక్కటీ ఒక రెండు స్థాయిల వ్యవస్థ అని వారి వాదం. అప్పట్లో అది గాజును ఇష్టపడేవారి వ్యవహారంగానే ఉండిపోయింది. 2005లో మార్టినిస్ బృందం తమ క్యూబిట్ల నుంచి శక్తిని దొంగిలిస్తున్నవి ఇవేనని చూపించింది. అల్యూమినియం గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల మందాన తుప్పు లాంటి ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. ఆ పొర గాజులాగే క్రమం లేనిది. అందులో క్యూబిట్‌తో సరిగ్గా శ్రుతి కలిసే పరమాణువుల గుంపు ఒక్కటి ఉన్నా, మన క్యూబిట్ దానితో ముచ్చట్లాడి తన శక్తిని ఇచ్చేసుకుంటుంది. గాజు వేడిని కొలవడం ఎందుకని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే, ఏం జవాబు చెప్పేవారో ఊహించుకోండి.

అప్పటి నుంచి ఇది లోహశాస్త్రం పనిగా మారింది. ప్రిన్స్‌టన్‌లో 2021లో నయోబియంకు బదులు టాంటలం వాడారు. టాంటలం ఆక్సైడ్ గట్టిది, పల్చనిది. ఘాటైన ఆమ్లాలలో కడిగినా చెక్కుచెదరదు కనుక ఉపరితలాన్ని నిజంగా శుభ్రం చేయవచ్చు. సంబద్ధత 0.3 మిల్లీసెకన్లను దాటింది. అదే సంస్థలో 2025లో టాంటలంను, చిప్పుకు అడుగున ఉండే నీలమణి పలకకు బదులు శుద్ధమైన సిలికాన్ మీద పరిచి 1 మిల్లీసెకను దాటించారు. 1999 నాటి రెండు నానోసెకన్లతో పోలిస్తే ఇది సుమారు ఐదు లక్షల రెట్లు. ఈ పెరుగుదలలో చమత్కారమైన వలయాలకు ఎంత వాటా ఉందో, పాత్రలు తోమినంత శ్రద్ధగా ఉపరితలాలను కడగడానికీ అంత వాటా ఉందని నా అభిప్రాయం.

ఇంకా ఎక్కువ కాలం నిలిచేవి లేవా అంటే ఉన్నాయి. ప్రకృతిలో దొరికే సిలికాన్‌లో దాదాపు 4.7 శాతం సిలికాన్-29. దాని కేంద్రకాలు అయస్కాంతాలు. వాటిని వేరుచేసి సిలికాన్-28 మాత్రమే మిగిల్చితే, అందులో పొదిగిన ఫాస్ఫరస్ పరమాణువుకు తన చుట్టూ అయస్కాంతపరంగా దాదాపు శూన్యమే. 2013లో అలాంటి స్ఫటికంలో, అయానీకరించిన ఫాస్ఫరస్ కేంద్రకాల స్పిన్ (వాటిని చిన్న అయస్కాంతాలుగా చేసే గుణం) సంబద్ధత గది ఉష్ణోగ్రత దగ్గర 39 నిమిషాలు నిలిచింది. నిమిషాలు అన్నమాట విన్నారు కదా! అయితే ఎవరితోనూ మాట్లాడనివాడు శాంతంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. పరిసరాలకు తలుపు మూస్తే మనకూ మూసుకుపోతుంది. గణన చేయాలంటే క్యూబిట్లు ఒకదానితో ఒకటి, మనతోనూ మాట్లాడాలి. అందుకే నిలిచే కాలాన్ని ఒక్క చర్యకు పట్టే కాలంతో భాగించి చూడాలి. 100 మైక్రోసెకన్లు నిలిచే ట్రాన్స్‌మాన్ మీద ఒక్కో చర్యకు 25 నానోసెకన్లు పడితే, నాలుగు వేల చర్యలకు చోటుంది.

దశ చెదిరినా కొంత వెనక్కి తెచ్చుకునే ఉపాయాన్ని 1950లోనే ఎర్విన్ హాన్ చూపించాడు. ఒక ఊరి నుంచి పది ఎడ్లబండ్లు ఒకేసారి బయలుదేరాయనుకోండి. ఎవరి వేగం వారిది కాబట్టి గంటసేపట్లో బారుగా చెదిరిపోతాయి. అప్పుడు ఒక్క కేకతో అన్నీ ఉన్నచోటనే వెనక్కి తిరిగితే, ముందుకు పోయినదానికి ఎక్కువ దూరం, వెనకబడినదానికి తక్కువ దూరం కాబట్టి మరో గంటకు అన్నీ ఒకేసారి ఊరు చేరతాయి. క్యూబిట్‌కు మధ్యలో ఇచ్చే ఒక మైక్రోతరంగ స్పందనం ఆ కేక. కాకపోతే దారిలో ఎడ్లు వేగం మార్చుకుంటే ఈ ఉపాయం పారదు. వేగంగా మారే అలజడి ముందు హాన్ ప్రతిధ్వని అనే ఈ ఉపాయం నిస్సహాయమే.

మిగిలిన దారి, ఒక్క క్యూబిట్ సమాచారాన్ని అనేక క్యూబిట్లలో పరచి, పుట్టే తప్పులను ఎప్పటికప్పుడు పట్టుకుని దిద్దడం. ఇందులో ఒక మెలిక ఉంది: ఒక్కో క్యూబిట్ తప్పుల రేటు ఒక హద్దు కిందకు దిగకపోతే, ఎక్కువ క్యూబిట్లు చేర్చేకొద్దీ తప్పులు పెరుగుతాయే గానీ తగ్గవు. 2024 డిసెంబరులో గూగుల్ 105 క్యూబిట్ల విల్లో చిప్పుతో ఆ హద్దు కింద పనిచేసి చూపింది. 101 క్యూబిట్లతో కట్టిన ఒక్క తార్కిక క్యూబిట్, వాటిలో అత్యుత్తమమైన భౌతిక క్యూబిట్ కంటే 2.4 రెట్లు ఎక్కువ కాలం సమాచారాన్ని నిలిపింది. నూట ఒక్క మంది కలిసి ఒక్కరి పనిని కాస్త మెరుగ్గా చేశారన్నమాట. నవ్వుకోవచ్చు, కానీ సంఖ్య పెరిగితే తప్పులు తగ్గుతాయన్నది సిద్ధాంతం నుంచి ప్రయోగంలోకి వచ్చిన సందర్భం అది. విడి క్యూబిట్ సంబద్ధత పెరిగితే ఈ నూట ఒకటి అన్న సంఖ్య వేగంగా తగ్గుతుంది. 156 ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నకు నా జవాబు ఈ లెక్కలోనే ఉంది.

చివరిగా ఒక్క చిక్కు. ఉపరితలాల మీది ఆక్సైడ్‌ను కడిగారు, లోహాన్ని మార్చారు, పలకను మార్చారు. కానీ క్యూబిట్‌కు ప్రాణమైన జోసెఫ్‌సన్ సంధిని ఇప్పటికీ ఎక్కువగా పాత పద్ధతిలోనే చేస్తున్నారు: అల్యూమినియం పొర మీదికి కొద్దిగా ఆక్సిజన్ వదిలి, నానోమీటరు, రెండు నానోమీటర్ల మందాన ఆక్సైడ్ కట్టనిచ్చి, దానిపై మరో అల్యూమినియం పొర వేస్తారు. ఆ ఆక్సైడ్ కూడా గాజులాంటిదే, అందులోనూ ఊగిసలాడే పరమాణువులుంటాయి; దాన్ని కడిగేయడానికి లేదు, ఎలక్ట్రాన్ జంటలు దాటవలసిన గోడ అదే. పరమాణువులు వరుస తప్పని స్ఫటికంతో అంత పల్చని గోడ కట్టగలమా అని ఇప్పుడు కొన్ని ప్రయోగశాలలలో ప్రయత్నిస్తున్నారు.