మన సెట్ అయిపోయాక హాల్లో ఎవరుంటున్నారు?

నమస్తే అందరికీ. ఈ రోజు కొంచెం చేదు మాటలు మాట్లాడుకుందాం. వాటిలో సగం నాకే తగుల్తాయి కాబట్టి ఎవరూ నొచ్చుకోవద్దు.

చిన్న హిప్ హాప్ సీన్ ఏదైనా తీసుకోండి, అంటే ఒక ఊళ్ళోని హిప్ హాప్ ఆర్టిస్టుల లోకం. ఓ ఇరవై మంది ర్యాపర్లు, ర్యాపుకి సంగీతం కట్టే బీట్‌మేకర్లు నలుగురైదుగురు, ఇద్దరు డీజేలు, ఒక డ్యాన్స్ క్రూ. వాళ్ళలో ఎవర్ని కదిలించినా ఒకటే మాట: "మనలో యూనిటీ లేదు బ్రో, ఎవడూ సపోర్ట్ చెయ్యడు." ఇరవై మందీ ఇదే అంటారు. మరి సపోర్ట్ చెయ్యని ఆ 'ఎవడూ' ఎవడండీ?

నా సంగతే చెప్తాను. కొన్నాళ్ళ కిందట ఒక ఓపెన్ మైక్‌లో (పేరు రాయించుకున్న ఎవరైనా స్టేజీ ఎక్కొచ్చు) నాది మూడో సెట్, అంటే స్టేజీ ఎక్కినవాళ్ళలో నేను మూడోవాణ్ణి. బాగా వచ్చింది. దిగగానే మా వాళ్ళు భుజం తట్టారు. బయటికెళ్ళి ఫొటోలు దిగాం, వీడియో ఎలా పడిందో చూసుకున్నాం, అటు నుంచి అటే ఇంటికి. మర్నాడు ఆర్గనైజర్ మొత్తం రికార్డింగ్ పంపాడు. ఆఖర్న ఒక కుర్రాడు స్టేజీ ఎక్కాడు. పద్దెనిమిదేళ్ళు కూడా ఉంటాయో లేదో. ఎదురుగా అన్నీ ఖాళీ కుర్చీలే. మిగిలింది ఏడుగురు, అందులో ఇద్దరు వైర్లు చుట్టుకుంటున్నారు. వాడు మాత్రం హాలు కిక్కిరిసి ఉన్నట్టే ర్యాప్ చేశాడు. నాకంటే బాగా చేశాడు. ఈ మాట బయటికి అనడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంతకీ ఆ ఓపెన్ మైక్ రోజు పొద్దున నేను 'లోకల్ ఆర్టిస్టులను సపోర్ట్ చెయ్యండి' అని స్టోరీ పెట్టాను. కింద నా పాట లింకుతో.

యూనిటీ అనగానే మనకు అందరూ అందర్నీ పొగుడుకోవడం గుర్తొస్తుంది. పాట పూర్తిగా వినకుండానే మూడు మంట బొమ్మలు పెట్టేస్తాం. వాడూ మన పాటకి మూడు పెడతాడు. పెళ్ళిలో చదివింపుల లెక్క ఇది. ఎవరి వెర్సూ (ర్యాప్‌లో చరణం) మెరుగుపడదు, ఎవరికీ కోపమూ రాదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడే చోటు ఒకటి ఉండేది. 1989 చివర్లో లాస్ ఏంజెలెస్‌లోని గుడ్ లైఫ్ కెఫేలో ఓపెన్ మైక్ మొదలైంది. అది ఆరోగ్యానికి మంచి తిండి అమ్మే చిన్న చోటు, అంతే. గురువారం రాత్రి వచ్చిందంటే ర్యాపర్లు అక్కడ ఉండాల్సిందే. నియమం ఏమిటంటే, మైకులో బూతు వినపడకూడదు. ఆ నగరం పేరు చెబితే తుపాకులు, బూతులు నిండిన గ్యాంగ్‌స్టా ర్యాప్ గుర్తొచ్చే రోజులవి, ఆ రోజుల్లో ఈ నియమం! ఇక అసలు సంగతి వినండి. ఎవరైనా సరిగ్గా చెయ్యకపోతే, తడబడితే, జనమంతా ఒక్క గొంతుతో "ప్లీజ్ పాస్ ద మైక్" అని అందుకునేవాళ్ళు. దయచేసి మైకు పక్కవాళ్ళకివ్వండి అని. ఎంత మర్యాదగా పరువు తీశారో చూడండి.

అది క్రూరత్వం కదా అంటారేమో. నాకలా అనిపించదు. మైకు ఇచ్చెయ్యమని చెప్పాలంటే ముందు వాళ్ళు వినాలి. ఫోనులో తల దూర్చుకున్నవాడికి మనం తడబడ్డామని కూడా తెలియదు. పైగా ఈ గురువారం దింపేసినా వచ్చే గురువారం మళ్ళీ రావచ్చు. రోజు మారదు, చోటు మారదు. దింపినవాళ్ళే వారం తిరిగేసరికి మనం ఏం మార్చుకొచ్చామో చూడ్డానికి అక్కడే కూర్చుని ఉంటారు. ఫ్రీస్టైల్ ఫెలోషిప్ అనే ర్యాప్ బృందం ఆ చోటు నుంచే పేరు తెచ్చుకుంది. రెబల్స్ ఆఫ్ రిథమ్, యూనిటీ కమిటీ అనే రెండు క్రూలు అక్కడే దగ్గరై, కలిసిపోయి జురాసిక్ ఫైవ్ అనే బృందం అయ్యాయి. పేరులో ఐదు ఉన్నా మనుషులు ఆరుగురు. అది వేరే కథ.

నేను గమనించిందేమిటంటే, యూనిటీ కోసమని పెట్టిన వాట్సాప్ గ్రూపులు నెల తిరక్కుండానే పోస్టర్లతో నిండిపోతాయి. అదే నెలలో ఫలానా రోజు, ఫలానా చోట సైఫర్ (గుండ్రంగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు ర్యాప్ చెయ్యడం) ఉందని తెలిస్తే, పది మందే వచ్చినా సరే, ఆ పది మందికి ఒకరి పద్ధతి ఒకరికి తెలుస్తుంది. ఎవరు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో కూడా తెలుస్తుంది. ఫీచర్ అడగాలంటే, అంటే మన పాటలో ఒక వెర్స్ చెయ్యమనాలంటే, మెసేజ్ పెట్టి నాలుగు రోజులు ఎదురుచూడక్కర్లేదు, పక్కకి తిరిగి అడగడమే.

అలాంటి చోట్లు నడిపేవాళ్ళ గురించి కూడా ఒక మాట. హిప్ హాప్ పుట్టినరోజుగా చెప్పుకునే 1973 ఆగస్టు 11 అనగానే అందరూ డీజే కూల్ హెర్క్ పేరు చెప్తారు. న్యాయమే. కానీ న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో ఆ రోజు పార్టీ పెట్టింది ఆయన చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాలని ఆ బిల్డింగ్‌లోని రిక్రియేషన్ రూమ్ తీసుకుని, అన్నయ్యని డీజేగా నిలబెట్టింది. ఆవిడ లేకపోతే ఆ రాత్రి లేదు. ప్రతి సీన్‌లోనూ ఒక సిండీ ఉంటుంది. హాలు మాట్లాడేది, కరెంటు పోతే పరిగెత్తేది, చివర్లో కుర్చీలు సర్దేది. మన పోస్టర్ మీద ఆమె పేరు ఎన్నిసార్లు వేశాం?

సరే, ఇప్పుడు డబ్బు. దీని దగ్గర ఇంకాస్త ఆగుతాను, ఎందుకంటే నేను చూసినంతలో క్రూలు విడిపోయింది డిస్ ట్రాకుల (ఒకర్నొకరు తిట్టుకునే పాటల) వల్ల కాదు. బ్యాటిల్‌లో తిట్టుకున్నవాళ్ళు కిందికి దిగి కౌగిలించుకోవడం చాలాసార్లు చూశాను, అది ఆటలో భాగం. విడిపోయింది "ఫ్రెండ్సే కదా, తర్వాత చూసుకుందాంలే" అన్న మాట దగ్గర. పాట విడుదలైంది, కాస్త ఆడింది, అప్పుడు బీట్ చేసినవాడు తన పేరెక్కడ అని అడుగుతాడు. ఒక పాటలో రెండు రకాల హక్కులుంటాయి. రాసిన మాటలు, కట్టిన బాణీ ఒకటి. రికార్డయిన ఆడియో ఇంకొకటి. రెండింట్లో ఎవరి వాటా ఎంతో స్టూడియోలోంచి బయటపడక ముందే ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకం పెట్టాలి. పది నిమిషాల పని. ఇంకో సంగతి, లీజుకు తీసుకున్న బీట్ మామూలుగా మనకొక్కరికే సొంతం కాదు. అదే బీట్ మీద ఇంకొకడు పాట వేస్తే దొంగతనమని గొడవకెళ్ళే ముందు, మనం ఎక్స్‌క్లూజివ్, అంటే మనకొక్కరికే చెందే హక్కు, కొన్నామో లేదో చూసుకోవాలి. ఈ కారణంగానే మా వాళ్ళలో ఇద్దరు ఏడాది పాటు మాట్లాడుకోలేదు. తప్పు ఇద్దరిదీ కాదు. చదవకుండా టిక్ పెట్టిన ఆ లైసెన్సుది.

ఇక ఎవరైనా ఒక్కరు పైకెళ్తే ఏం జరగాలి? అమెరికా దక్షిణాదిలోని అట్లాంటాలో, రికో వేడ్ అనే బీట్‌మేకర్ వాళ్ళమ్మ ఇంట్లో, నేలమాళిగలో ఒక స్టూడియో ఉండేది. డంజన్ అనేవాళ్ళు. 1994లో ఔట్‌కాస్ట్ అనే ర్యాప్ జోడీ మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు, అదే గదిలో కూర్చునే గూడీ మాబ్ అనే ఇంకో బృందం వాళ్ళ గొంతులు కూడా అందులో వినపడ్డాయి. మరుసటేడు గూడీ మాబ్ సొంత ఆల్బమ్ వచ్చింది. వినేవాళ్ళకి వాళ్ళు అప్పటికే కొత్తవాళ్ళు కారు. ఆ 1995లోనే న్యూయార్క్‌లో హిప్ హాప్‌కిచ్చే సోర్స్ అవార్డుల వేదిక మీద ఔట్‌కాస్ట్‌ని జనం గేలి చేస్తుంటే, దక్షిణాదికి చెప్పాల్సింది ఉంది అన్నాడు ఆ జోడీలోని ఆండ్రే. 'నాకు' అనలేదు, గమనించారా?

మన దగ్గర ఒకడికి పెద్ద షో తగిలితే ముందుగా చేసే పని పాత గ్రూపులోంచి బయటికి రావడం. మిగతావాళ్ళు ముందుగా చేసే పని వాడు అమ్ముడుపోయాడనడం.

ఆ ఆఖరి సెట్ కుర్రాడికి మెసేజ్ పెట్టాను. రెండో వెర్స్‌లో ఊపిరి చాలక ఒక లైను మింగేశావు, మిగతాదంతా అదిరింది అని. వాడు వెంటనే, "అన్నా, మీరు అప్పటికి వెళ్ళిపోయారుగా?" అన్నాడు. ఏం చెప్పను! రికార్డింగ్ చూశానని ఒప్పుకున్నాను. వచ్చే ఓపెన్ మైక్‌కి ఆర్గనైజర్‌తో మాట్లాడి నా పేరు అందరికంటే కింద రాయించుకున్నాను, వాడికి మూడో సెట్ ఇమ్మన్నాను. వాడు దిగాక ఉంటాడో, ఫొటోలు దిగి వెళ్ళిపోతాడో చూడాలి.