సెకండ్ హ్యాండ్ ఫ్యామిలీ కారు: కొనేముందు సుఖాన్ని ఎలా పరీక్షించాలి

నమస్కారం అండి. బడ్జెట్ తక్కువ, ఇంట్లో మనుషులు నలుగురైదుగురు, దూరం వెళ్లినా ఎవరికీ నడుము పట్టేయకూడదు. అలాంటి పాత కారు ఎలా ఏరుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. ఫలానా మోడల్ కొనండి అని చెప్పడం లేదు. ఏడెనిమిదేళ్లు తిరిగేశాక మోడల్ పేరు కన్నా, మీ ముందు నిలబడ్డ ఆ ఒక్క బండి ఎలా ఉందన్నదే ముఖ్యం. ఒకే ఏడాది తయారైన ఒకే మోడల్ బండ్లు రెండు తీసుకోండి. ఒకటి పల్లకీలా సాగిపోతుంది, రెండోది ప్రతి గతుకూ వెన్నులోకి పంపిస్తుంది. ఆ తేడా చాలావరకు రబ్బరులో, ఫోములో, టైర్లలో ఉంటుంది. లెదర్ సీట్లు, సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ చూసి సుఖాన్ని అంచనా వేయకండి.

కారు దగ్గరికి వెళ్లేముందే ఒక విషయం తేల్చుకోవాలి. పాత బండిలో కొన్ని లోపాలు డబ్బు పెడితే పోతాయి, కొన్ని ఎంత పెట్టినా పోవు. షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు), టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ పోయేవాటిలోకి వస్తాయి. వీటిని చూపించి ధర తగ్గించమని గట్టిగా అడగొచ్చు. సీటు ఎత్తు, వెనక కాళ్లు పెట్టుకునే చోటు, డిక్కీ సైజు, యాక్సిడెంట్‌లో వంగిన ఛాసిస్, వరద నీళ్లలో నానిన వైరింగ్, వీటికి మందు లేదు. అలాంటిది కనిపిస్తే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. ఇంకొకటి, చేతిలో ఉన్న డబ్బంతా కారు ధరకే పెట్టేయకండి. కనీసం పదో వంతు, వీలైతే ఏడో వంతు పక్కన ఉంచుకోండి. కొన్న వెంటనే చేయించాల్సిన పనులకు అది కావాలి. ఆ పనులతోనే బండి హాయిగా మారుతుంది.

మొదట సీట్ల సంగతి. ఒక్కరే వెళ్లి చూసి రావద్దు, ఆ కారులో తిరగబోయే వాళ్లందరినీ తీసుకెళ్లండి. పొడుగ్గా ఉన్నవాళ్లు ముందు సీటును తాము నడిపే పొజిషన్‌లో పెట్టుకుని, తర్వాత దాని వెనక కూర్చోవాలి. మోకాలు ఆనుతోందా అని అందరూ చూస్తారు గానీ, తొడ కింద ఆధారం ఉందా అని చాలామంది చూడరు. సీటు కుషన్ పొట్టిగా ఉన్నా, నేల ఎత్తుగా ఉన్నా మోకాళ్లు పైకి లేచి తొడలు గాల్లో ఉంటాయి. మొదటి పది నిమిషాలు ఏమీ తెలియదు. గంట దాటేసరికి బరువంతా తుంటి మీద పడి నొప్పి మొదలవుతుంది. అందుకే కారు ఆగి ఉన్నప్పుడే అయినా, వెనక సీట్లో కనీసం పావుగంట కూర్చుని చూడండి. పాదాలు ముందు సీటు కిందికి దూరే చోటు ఉంటే ఇంకా మంచిది.

పెద్దవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఎక్కడం దిగడం చూడాలి. సీటు అంచు మనిషి తుంటి ఎత్తుకు దగ్గరగా ఉంటే, పక్కకు జరిగి కూర్చుంటే చాలు. బాగా కిందికి ఉంటే కూలబడాలి, లేచేటప్పుడు డోరు పట్టుకుని లాక్కోవాలి. డోరు ఎంత కోణంలో తెరుచుకుంటుంది, కింద గడప ఎంత వెడల్పు ఉంది, ఇవి కూడా అప్పుడే కనిపిస్తాయి.

ఫోము కూడా చూడండి. పిడికిలితో డ్రైవర్ సీటు మధ్యలో నొక్కండి, అంతే బలంతో పక్క సీటు మధ్యలో నొక్కండి. డ్రైవర్ సీటు చాలా సులువుగా దిగి కింద స్ప్రింగో చట్రమో తగిలితే ఫోము చచ్చిపోయినట్టే. సీట్ కవర్ ఉంటే ఎత్తి చూడండి. డ్రైవర్ సీటుకు డోరు వైపు ఉండే ఉబ్బు నలిగిపోయి, స్టీరింగ్ తోలు నున్నగా మెరుస్తూ, క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు అరిగిపోయి ఉన్నాయా? అయినా మీటర్ నలభై వేల కిలోమీటర్లే చూపిస్తుంటే ఆ మీటర్‌ను నమ్మవద్దు. సర్వీస్ రికార్డులో ఒక్కో తేదీకి ఎంత రీడింగ్ రాశారో వరసగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

చిన్నపిల్లలు ఉంటే చైల్డ్ సీటు వెంట తీసుకెళ్లండి. వెనక సీటు వీపు, కుషన్ కలిసే సందులో చెయ్యి పెడితే చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ ఇనుప కొక్కేలు రెండు తగలాలి. చైల్డ్ సీటు బిగించాక దాని ముందు సీట్లో పెద్దమనిషి కూర్చోగలరా అని చూడండి. వెనక మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు, హెడ్‌రెస్ట్ రెండూ ఉండాలి. నడుము బెల్టు మాత్రమే ఉన్న కారును ఐదుగురి కారుగా లెక్కపెట్టకూడదు.

ఇక టైర్లు. టైరు పక్కన 195/65 ఆర్ 15 అని రాసి ఉందనుకోండి. 195 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 127 మిల్లీమీటర్లు. 15 అంటే రిమ్ సైజు అంగుళాల్లో. ఇప్పుడు 225/45 ఆర్ 17 తీసుకోండి. చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే, 634 మిల్లీమీటర్లు. కానీ సైడ్‌వాల్ 101 మిల్లీమీటర్లే. గుంతలో పడినప్పుడు దెబ్బ తీసుకునే రబ్బరు ఒక అంగుళం తగ్గిపోయింది. అందుకే ఒకే మోడల్‌లో ఖరీదైన వేరియంట్ కన్నా, చిన్న రిమ్‌లున్న మధ్య వేరియంట్ గతుకుల రోడ్డు మీద మెత్తగా పోతుంది. పైగా ఆ టైర్లు చవక. బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్లకు ఇది రెండు విధాలా లాభమే, కళ్లు మూసుకుని చిన్న రిమ్ తీసుకోండి.

టైరు వయసు కూడా దాని మీదే ఉంటుంది. డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేళ్లు దాటితే గాట్లు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, శబ్దం పెరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. కొత్త టైర్ల ఖర్చు లెక్కలో వేసుకోండి. టెస్ట్ డ్రైవ్‌కు ముందు గాలి కొలిచే చిన్న గేజ్‌తో నాలుగు టైర్లూ చూసి, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకెతో పోల్చండి. గాలి తగ్గిస్తే బండి తాత్కాలికంగా మెత్తగా అనిపిస్తుంది, అరిగిన షాకులు బయటపడవు. గాలి సరిచేశాకే నడపండి.

సస్పెన్షన్ దగ్గర మాత్రం తొందరపడకండి. ఒక్కో మూల బానెట్ మీద, డిక్కీ మీద గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకి వచ్చి నిలబడాలి. రెండు మూడుసార్లు ఊగిందంటే షాకులు పోయాయి. ఊగలేదని బాగున్నట్టు కాదు, ఈ పరీక్ష పూర్తిగా చచ్చిపోయిన వాటినే పట్టిస్తుంది. టార్చ్ వేసి షాకు గొట్టం చూడండి. పైన కాస్త తేమ, దాని మీద దుమ్ము ఉంటే ఫరవాలేదు. ఆయిల్ కిందిదాకా కారి తడిగా మెరుస్తుంటే మార్చాలి. మార్చేటప్పుడు ఒకే ఇరుసు మీది రెండూ కలిపే మార్చాలి, లేకపోతే బండి ఒక పక్కకు వేరేలా ఊగుతుంది.

తర్వాత రోడ్డు మీదికి. పాటలు ఆపండి, ఏసీ ఫ్యాన్ ఆపండి, అద్దాలు సగం దించండి. గంటకు 15, 20 కిలోమీటర్ల వేగంతో చిన్న చిన్న గతుకుల మీద నడపండి. టకటకమని సన్నటి చప్పుడు వస్తే స్టెబిలైజర్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింక్ రాడ్లు గానీ దాని బుష్‌లు గానీ అయి ఉంటాయి, చిన్న ఖర్చు. పెద్ద గుంతలో ధడ్ మని ఒక వైపే మోగితే స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంట్ గానీ, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్ గానీ చూడాలి. బ్రేక్ వేసినప్పుడు, వదిలినప్పుడు ఒక్కో టక్ వినిపిస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్‌ను అనుమానించండి. కారు ఆపి స్టీరింగ్ పూర్తిగా తిప్పేటప్పుడు కిర్రుమన్నా, స్ప్రింగ్ ఎగిరినట్టు టంగుమన్నా, స్ట్రట్ పైన ఉండే బేరింగ్ పని. రబ్బరు కిలోమీటర్లకే కాదు, వయసుకూ గట్టిపడి పగుళ్లు తేలుతుంది. అందుకే పదేళ్ల కారు తక్కువ తిరిగిందని సంబరపడకండి, దాని బుష్‌లు కూడా పదేళ్లవే.

వేగం పెరిగేకొద్దీ హూమ్ మనే మోత వస్తే అది టైరుదా, వీల్ బేరింగ్‌దా తేల్చాలి. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కొద్దిగా ఎడమకు తిప్పండి, బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగ్ పోయిందన్నమాట. ఎటు తిప్పినా మారకుండా, రోడ్డు నున్నగా మారినప్పుడు తగ్గితే అది టైర్ల మోత.

సుఖం అనగానే ఎయిర్ సస్పెన్షన్, అంటే ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి సంచులు ఉన్న పాత లగ్జరీ కార్లు చవగ్గా కనిపిస్తాయి. సిట్రోయెన్ కంపెనీ 1955లో డీఎస్ కారులో ఉక్కు స్ప్రింగులకు బదులు గ్యాసూ ఆయిలూ కలిపి పెట్టింది, దాని మెత్తదనం ఈరోజుకీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఇంజనీరింగ్ అంటే నిజంగా గౌరవం ఉంది. కానీ అలాంటి వ్యవస్థల్లో గ్యాస్ గోళాలు, గాలి సంచులు, కంప్రెసర్ వయసుతో పాటు పోతాయి, ఒక్క రిపేరే బడ్జెట్ మింగేస్తుంది. మామూలు ఉక్కు స్ప్రింగు, పొడవైన వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), ఎత్తైన సైడ్‌వాల్ ఉన్న సాదా కారు మనకు నయం.

గేర్‌బాక్స్ విషయంలో ఆటోమేటిక్ కావాలంటే టార్క్ కన్వర్టర్ రకం, అంటే ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది, పాత బండిలో నమ్మదగినది. బ్రేక్ మీద కాలు పెట్టి రివర్స్‌లోకి, డ్రైవ్‌లోకి మార్చండి. సుమారు ఒక సెకనులో, కుదుపు లేకుండా పట్టాలి. తర్వాత 50, 60 కిలోమీటర్ల నిలకడ వేగంలో సన్నగా వణుకుతోందేమో గమనించండి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి, వేడికి ఆ ఆయిల్ గుణం పోతుంది. ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్‌లతో వచ్చే డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) బాక్సులు ట్రాఫిక్‌లో పాకించి పాకించి నడిపితే వేడెక్కి జర్క్ ఇస్తాయి. ఏఎంటీలో, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే యంత్రం గేర్లు మార్చే రకంలో, గేరు మారినప్పుడల్లా తల ముందుకు ఊగుతుంది, కొందరికి వికారం కూడా. మాన్యువల్ అయితే నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించుకోవాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ, తియ్యటి వాసన వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్ అయితే ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి, చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. రోజూ ఐదారు కిలోమీటర్లే తిరిగేవాళ్లు డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉన్న డీజిల్ కారు జోలికి వెళ్లకండి. ఆ కొద్ది దూరంలో అది వేడెక్కి మసి కాల్చుకోలేదు, మూసుకుపోతుంది.

ఏసీని పది నిమిషాలు నడిపి, మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెట్టండి. కారు కదులుతున్నప్పుడు పది డిగ్రీల లోపు వస్తే బాగుంది. గ్యాస్ నింపిస్తే సరిపోతుంది అన్న మాట విన్నారంటే లీకు ఉన్నట్టే లెక్క. గ్యాస్ దానంతట అది ఖర్చయ్యేది కాదు.

యాక్సిడెంట్, వరద, ఈ రెండూ తేలకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు మడ్‌గార్డుల బోల్టుల తలల మీద పెయింట్ చెదిరి ఉంటే ఆ ప్యానెల్ విప్పారు. అది ఒక్కటే పెద్ద నేరం కాదు. బానెట్ లోపల ఛాసిస్ కొమ్ముల మీద ముడతలు, కొత్త వెల్డింగ్, డిక్కీలో స్టెప్నీ కింద నేల మీద మడతలు ఉంటే మాత్రం వదిలేయండి. సీటు బెల్టులన్నీ చివరిదాకా లాగండి, నీళ్లు ఎక్కిన కారులో ఆ చివర బురద గీత దొరుకుతుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, కార్పెట్ కింద తడి కూడా అదే చెబుతాయి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే, ఏదో దాచడానికి దాన్ని తీసేసి ఉండొచ్చు. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టించినప్పుడు కోడ్లు లేవనడంతో ఆగకండి. కారు తనను తాను చేసుకునే రెడీనెస్ పరీక్షలు పూర్తికాలేదని చూపిస్తే, ఈ మధ్యే కోడ్లు చెరిపేశారో, బ్యాటరీ తీశారో తెలుస్తుంది.

కొన్నాక పక్కన పెట్టిన డబ్బు ఈ వరసలో పెట్టండి. మొదట బ్రేకులు, బ్రేక్ ఆయిల్. తర్వాత ఇంజన్ ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు, అందులో క్యాబిన్ ఫిల్టర్ తప్పకుండా. ఆ తర్వాత షాకులు, బుష్‌లు, అవసరమైతే టైర్లు. బుష్‌ల బోల్టులు జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకూడదు, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించమని మెకానిక్‌కు చెప్పండి. లేకపోతే కొత్త రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి కొన్నాళ్లకే చిరుగుతుంది. వీల్ అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర చేయించండి, పార్టులు మార్చకముందు చేయిస్తే మళ్లీ చేయించాల్సిందే.