బండి నిలిపే చోటు: డెట్రాయిట్ పాడు భవనాల గురించి

సభకు నమస్కారం.

ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడు మనమందరం వాళ్లను డెట్రాయిట్ నది ఒడ్డుకు తీసుకువెళ్లి, అవతల కనిపించేదే కెనడా అని చూపించి, ఫోటోలు దిగి, చీకటి పడకముందే శివార్లలో మనం ఉండే నోవైకో ట్రాయ్‌కో కాంటన్‌కో తిరిగి వచ్చేస్తాం. నేనూ చాలా ఏళ్లు అంతే చేశాను. పాత భవనాల పిల్లర్లూ బీములూ పరీక్షించి, వాటిని నిలబెట్టవచ్చా, కూల్చవలసిందేనా అని రాసి ఇచ్చే ఉద్యోగం నాకు దొరక్కపోయి ఉంటే, ఆ ఒడ్డుకు వెనక ఉన్న నగరం నాకు కారు అద్దంలోంచి తప్ప తెలిసేది కాదు. పాడుబడిన భవనాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, వాటి అందం గురించి చెప్పేవాళ్లు ఎలాగూ చాలామంది ఉన్నారు గనుక, అవి ఎలా పాడుబడతాయో చెబుతానని ఒప్పుకున్నాను.

ముందుగా ఒక పార్కింగ్ గ్యారేజీ దగ్గరికి వెళదాం. అది నగరం నడిబొడ్డున బాగ్లీ అవెన్యూ మీద ఉంది. 1896 జూన్‌లో హెన్రీ ఫోర్డ్ అక్కడ తన అద్దె ఇంటి వెనక షెడ్డులో నాలుగు సైకిలు చక్రాల మీద తన తొలి బండిని తయారు చేశాడు. తీరా బయటికి తీయబోతే బండి తలుపుకన్నా వెడల్పుగా తేలింది. గొడ్డలి తీసుకుని ఇటుక గోడ పగలగొట్టి దాన్ని వీధిలోకి తెచ్చాడు. ముప్పై ఏళ్ల తర్వాత, 1926లో, అదే స్థలంలో మిషిగన్ థియేటర్ వెలిసింది. షికాగోకు చెందిన ర్యాప్ అండ్ ర్యాప్ దాని ఆర్కిటెక్టులు. నాలుగు వేల పైచిలుకు సీట్లు, షాండ్లియర్లు, ఫ్రెంచి రాజమహలును తలపించే నగిషీలు. జనం శివార్లకు తరలిపోయాక ఆ హాలు నిండడం మానేసింది, 1976లో మూతపడింది. దాన్ని ఆనుకుని 13 అంతస్తుల ఆఫీసు భవనం ఒకటి ఉంది. అందులో అద్దెకున్నవాళ్లకు కార్లు పెట్టుకోవడానికి చోటు కావలసివచ్చింది. థియేటరును మొత్తం కూల్చేద్దామంటే రెండింటి కట్టడమూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంది, ఒకదాన్ని పడగొడితే రెండోది బలహీనపడుతుంది. అందుచేత గోడలనూ పైకప్పునూ అలాగే ఉంచి, లోపల సీట్లు, నేల, బాల్కనీ పీకేసి, మూడు అంతస్తుల కాంక్రీటు పార్కింగ్ కట్టారు.

అక్కడ మూడో అంతస్తులో కారు దిగి తల పైకెత్తితే కనిపించే దృశ్యాన్ని నేను చాలామందికి చూపించాను. రంగస్థలం తోరణం సగం వరకు నిలిచి ఉంటుంది. సున్నపు పూలదండలు, పూర్వం బంగారు పూత ఉన్న అంచులు, వాటి నడుమ పెచ్చులు ఊడి ఇనుప జాలీ బయటపడ్డ చోట్లు. కింద తెల్ల గీతల మధ్య మన కార్లు. మోటారు బండి పుట్టిన చోట కట్టిన సినిమా హాలును మోటారు బండ్ల కోసమే డొల్ల చేయడమన్నది ఎవరో కల్పించిన కథలా ఉంటుంది గాని, నాకు అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆ పైకప్పు ఇంకా ఉంది. దాని కింద నిలిపే బండ్లు అద్దె ఇస్తున్నాయి గనుక, ఆ కప్పు కారితే పట్టించుకోవలసినవాడు ఒకడు ఉన్నాడు. డెట్రాయిట్‌లో అంతకంటే గొప్ప భవనాలు ఎన్నో నేలమట్టమైపోగా ఈ థియేటరు సగమైనా మిగలడానికి కారణం, నా లెక్కలో, అదే.

భవనాలు వయసు మీరి పడిపోతాయని జనం అనుకుంటారు. నా ఉద్యోగంలో నేను చూసిన పతనం ఎప్పుడూ దాదాపు ఒకే వరసలో సాగుతుంది. మొదట అద్దెదారులు ఖాళీ చేస్తారు. ఖర్చెందుకని యజమాని బాయిలర్ ఆపేస్తాడు. ఈ చలి దేశంలో వేడి లేని భవనంలో మొదటి శీతాకాలానికే నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. తర్వాత కాపలా మనిషి మానేస్తాడు. మానేసిన వారంలోనే రాగి పైపులు, రాగి తీగలు పాత ఇనప సామాన్ల కొట్టుకు చేరతాయి. ఆ పైన డాబా మీద పోగుపడిన ఆకులు వాన నీళ్ల గొట్టం మూతిని మూసేస్తాయి, నీళ్లు అక్కడే నిలుస్తాయి. నిలిచిన నీరు సన్నని పగులు వెతుక్కుని స్లాబులోకి దిగుతుంది, రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పగలు కరిగి మరికాస్త లోపలికి పోతుంది. చువ్వకు తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండుమూడు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి, చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచే నెట్టి పెచ్చులుగా రాలగొడుతుంది. మన ఊళ్లలో పాడుబడ్డ గోడలో రావి మొక్క మొలిచినట్టు ఇక్కడ గోడల్లో ఐలాంథస్ మొలుస్తుంది. మన పెద్దమాను చెట్టుకు అది దాయాది. ఇదంతా జరగడానికి నూరేళ్లు అక్కర్లేదు, కప్పు కారుతుంటే పది పదిహేను చలికాలాలు చాలు. ఆ మొదటి ఏడాదిలో ఒక మనిషి చీపురు పట్టుకుని డాబా ఎక్కి ఆ గొట్టం మూతి దగ్గర ఆకులు తీసేసి ఉంటే సరిపోయేది.

ఆ మనిషి ఎందుకు లేకుండా పోయాడన్నది అసలు ప్రశ్న. ఇందులో కొంత భాగం ఆర్కిటెక్చర్ కథే. తూర్పు గ్రాండ్ బులెవార్డు మీద ప్యాకార్డ్ కార్ల ఫ్యాక్టరీ 1903లో మొదలైంది. దానికి ఆర్కిటెక్టు ఆల్బర్ట్ కాన్ 1905లో కట్టిన 10వ నంబరు భవనంలో ఉక్కు చువ్వల కాంక్రీటు వాడాడు. ఆ చువ్వల పద్ధతి అతని తమ్ముడు జూలియస్‌ది. పిల్లర్ల మధ్య దూరం పెరిగింది, గోడలు బరువు మోయవలసిన అవసరం లేక కిటికీలయ్యాయి, కార్మికుడి చేతి మీద పగటి వెలుతురు పడింది. 1910లో హైలాండ్ పార్కులో ఫోర్డ్ కోసం నాలుగంతస్తుల ఫ్యాక్టరీ కట్టింది కూడా ఆల్బర్టే. 1913లో కదిలే అసెంబ్లీ లైను అక్కడే నడిచింది. అయితే ఆ లైను నడవడం మొదలుపెట్టగానే అంతస్తులున్న ఫ్యాక్టరీకి కాలం చెల్లింది. బండిని పై అంతస్తుకు ఎక్కించి కింది అంతస్తుకు దించే కన్నా ఒకే నేల మీద పొడవుగా సాగనివ్వడం చవక. పొడవాటి ఒంటి అంతస్తు షెడ్డుకు వందల ఎకరాలు కావాలి, నగరంలో అంత నేల ఎక్కడిది? ఫోర్డ్ డియర్‌బోర్న్‌లో రూజ్ నది పక్కకు వెళ్లాడు; రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగతా కంపెనీలు శివార్లకు, ఇతర రాష్ట్రాలకు వెళ్లాయి. 1947కూ 1963కూ మధ్య డెట్రాయిట్ దాదాపు 1,34,000 ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోగొట్టుకుంది. జపాను కార్లు రావడానికీ, 1967 జులైలో 43 మంది చనిపోయిన ఆ అల్లర్లకూ ఇది ముందు మాట. నగరం 1967తోనే చెడిపోయిందని మనవాళ్ల విందుల్లో వినిపించే మాట తేదీల దగ్గరే తప్పుతుంది.

ఉద్యోగాల వెనకే జనం కదిలారు, కానీ అందరినీ కదలనివ్వలేదు. ప్రభుత్వ పూచీ ఉన్న ఇంటి అప్పులు తెల్లవారి పేటలకు దక్కాయి, నల్లవారి పేటలకు దక్కలేదు. ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర 1941లో ఒక బిల్డరు, తాను వేసిన తెల్లవారి కాలనీకి ఆ పూచీ సంపాదించడం కోసం, నల్లవారి పేటకూ దానికీ మధ్య ఆరడుగుల ఎత్తున అర మైలు పొడవు గోడ కట్టించాడు. ఇన్ని భవనాలు కూలిన నగరంలో ఆ గోడ ఇప్పటికీ నిలిచే ఉంది. నల్లవారి దుకాణాలు, సంగీతశాలలు, ఇళ్లు కిక్కిరిసి ఉండే బ్లాక్ బాటమ్, ప్యారడైజ్ వ్యాలీ పేటలను ఎక్స్‌ప్రెస్ రహదారి కోసమూ పునర్నిర్మాణం పేరుతోనూ 1950లు, 60లలో చదును చేశారు. అటువంటి రహదారుల వల్లనే శివార్లలో ఉంటూ నగరంలో పని చేసుకోవడం కుదిరింది. మనం ఎంతో తర్వాత వచ్చినవాళ్లం, ఆ నిర్ణయాలు మనవి కావు. కానీ మన ఇళ్లకు పోయే దారులు వాటి మీదుగానే వేశారు.

1950లో 18.5 లక్షల జనం ఉన్న నగరంలో 2020 నాటికి మిగిలినవాళ్లు 6,39,111 మంది. నేల మాత్రం అదే 139 చదరపు మైళ్లు. అపార్ట్‌మెంట్ల ఊరైతే పై అంతస్తులు ఖాళీ అయినా వీధిలోంచి కనిపించదు. డెట్రాయిట్ విడివిడి చెక్క ఇళ్ల ఊరు కావడంతో వెళ్లిపోయిన ప్రతి కుటుంబమూ పన్ను ఊడినట్టు ఒక ఖాళీగా కనిపిస్తుంది. నీటి గొట్టాలు, మురుగు కాలువలు, దీపస్తంభాలు మూడింతల జనం కోసం వేసినవి; వాటి ఖర్చు మిగిలిన ఒక వంతు జనం మోయాలి. 2013 జులైలో సుమారు 1,800 కోట్ల డాలర్ల బాకీతో నగరం దివాలా కోసం కోర్టుకెక్కినప్పుడు వీధి దీపాల్లో 40 శాతం వెలగడం లేదు, 78,000 దాకా పాడుబడిన కట్టడాలున్నాయి. ఇళ్ల ధరలు 2008 తర్వాత పడిపోయినా పన్ను మదింపు తగ్గలేదు. మూడేళ్లు పన్ను కట్టని ఇంటిని కౌంటీ స్వాధీనం చేసుకుని వేలం వేసేది, రెండో విడత వేలం 500 డాలర్ల నుంచి మొదలయ్యేది. ఎక్కడో ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో ఇళ్లు గంపగుత్తగా కొన్నారు, కొన్నవాటిని కళ్లతో చూసినవాళ్లు తక్కువ.

తూర్పు వైపు ఒక వీధిలో పని మీద వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ నన్ను ఆపి, మీరు కూల్చే వాళ్లా, కొనే వాళ్లా అని అడిగింది. ఆ వీధి భాగంలో మిగిలినవి మూడే ఇళ్లు. ఆమె తన రెండో కారును పక్క ఖాళీ ఇంటి ముందు నిలుపుతుంది, దీపావళికి మనం వరండాలో వేలాడదీసే లాంటి దీపాల తోరణం ఒకటి ఆ ఇంటి వరండాకు కూడా కట్టింది. ఎవరో ఉంటున్నారనుకుంటే రాగి దొంగలు రారు. అవతలి రెండు ఖాళీ స్థలాల్లో గడ్డి కూడా తానే కోయిస్తుంది. తర్వాత, దిక్కులేని ఇళ్లూ స్థలాలూ చూసుకునే ల్యాండ్ బ్యాంకు అనే సంస్థ అటువంటి స్థలాలను పక్కింటివాళ్లకు వంద డాలర్లకు ఇచ్చే పథకం తెచ్చింది. ఎన్నో ఏళ్లుగా జీతం లేకుండా కాపలా కాసినవాళ్లు అప్పుడు కాగితం మీద యజమానులయ్యారు. శిథిలాల ఫోటోలతో అచ్చు వేసిన ఖరీదైన పుస్తకాలు మా ఆఫీసులో రెండున్నాయి. విరిగిన పియానో, మంచు పట్టిన మెట్లు, నేల మీద పుస్తకాలు, అన్నీ ఉన్నాయి. ఆవిడ లాంటి మనిషి ఒక్కరూ లేరు. ఫోటో బాగుండాలంటే ఊరు ఖాళీగా ఉండాలి కాబోలు.

నా వైపు తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నగరం నడుమ ఉన్న ఒక ఆరంతస్తుల భవనాన్ని పరీక్షించి, పైకప్పు బాగు చేస్తే చాలు, పిల్లర్లు దృఢంగా ఉన్నాయని రాశాను. యజమాని దాన్ని చదివి, మరమ్మతుకు ఎంత, కూల్చి నేల చదును చేసి పార్కింగ్ గీతలు గీస్తే నెలకు ఎంత అని నా ముందే కాగితం మీద రెండు అంకెలు వేసి చూపించాడు. మరమ్మతు అంచనాలో అనుమానాలకు వీలుండే చోట్ల పై అంకెలు వేయమన్నాడు. వేశాను. అవి అబద్ధాలు కావు, అవసరానికి మించిన జాగ్రత్తలు. భవనం పోయింది. భూమి విలువ పెరిగేదాకా ఆగగలిగినవాడికి ఖాళీ భవనం బరువుగానూ ఖాళీ నేల హాయిగానూ ఉండేలా పన్నులు అమరి ఉన్నప్పుడు, ఇంజనీరు రిపోర్టు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ప్యాకార్డ్ ఫ్యాక్టరీదీ అదే దారి. 1956లో డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ కార్ల తయారీ ఆగిపోయాక కూడా చిన్న కంపెనీలు అందులో దశాబ్దాల పాటు అద్దెకున్నాయి. చివరికి 2013లో దాదాపు 40 ఎకరాలూ, 35 లక్షల చదరపు అడుగుల కట్టడమూ వేలంలో 4,05,000 డాలర్లకు పోయాయి. మన శివార్లలో ఒక మామూలు ఇంటి ధర అది. కొన్న ఆయన దాన్ని తిరిగి నిలబెట్టలేకపోయాడు, 2022లో నగరమే కూల్చడం మొదలుపెట్టింది. బరువైన యంత్రాల కోసం లెక్కకట్టిన ఆ స్లాబులను విరగ్గొట్టడానికి అంత తేలిగ్గా వీలు కాలేదు.

ఇక రైల్వే స్టేషను. మిషిగన్ సెంట్రల్ 1913 డిసెంబరులో తెరుచుకుంది. న్యూయార్కులో గ్రాండ్ సెంట్రల్ కట్టిన ఆర్కిటెక్టులే దీన్నీ కట్టారు. మొత్తం 18 అంతస్తుల కట్టడం, పైన ఆఫీసులు; పై అంతస్తులు ఎన్నడూ పూర్తిగా నిండలేదు. ఊరు అటువైపు పెరుగుతుందనీ, ప్రయాణికులు ట్రాముల్లో వస్తారనీ నమ్మి నగర కేంద్రానికి దూరంగా కట్టారు. కార్లు నిలిపే చోటు గురించి పెద్దగా ఆలోచించలేదు. ఊరు అటు పెరగలేదు, ట్రాములు పోయాయి, 1988 జనవరిలో ఆఖరి రైలు వెళ్లిపోయింది. తర్వాత ముప్పై ఏళ్లు నేను ఇందాక చెప్పిన వరసంతా దాని మీద నడిచింది. 2009లో నగర కౌన్సిలు కూల్చేయాలని తీర్మానించింది కూడా. 2018లో ఫోర్డ్ కంపెనీ కొన్నాక సెల్లారులోంచి 35 లక్షల గ్యాలన్ల నీరు తోడారు. రాయీ ఇటుకా పీల్చుకున్న తడి ఆరడానికే నెలలు పట్టింది. వెయిటింగ్ హాలు కమాను కప్పు పల్చటి పెంకులను పొరలుగా అంటించే గ్వాస్తవీనో పద్ధతిది. అందులో 29,000 పెంకులున్నాయి. ముప్పై చలికాలాలు తడిసిన తర్వాత మార్చవలసి వచ్చినవి 1,300 మాత్రమే.

2024 జూన్‌లో మళ్లీ తెరిచాక మా ఇంటివాళ్లందరం వెళ్లాం. హాలు నడుమ నిలబడి కొత్త పెంకులు ఏవో, పాతవి ఏవో గుర్తుపట్టడానికి నేను చాలాసేపు మెడ నొప్పి పుట్టేలా చూశాను గాని పట్టుకోలేకపోయాను. టికెట్టు కిటికీలు మెరుస్తున్నాయి. ఎక్కడానికి రైలు మాత్రం లేదు. తిరిగి వస్తుంటే మా అమ్మాయి, లోపల గడిపిన సమయమూ బయట బండి నిలపడానికి చోటు వెతికిన సమయమూ లెక్కేసి చూపించింది. రెండూ ఇంచుమించు సమానంగా వచ్చాయి.