వార్షిక తనిఖీకి ముందు సిలిండర్‌లోకి ఒక చూపు: బోర్‌స్కోప్ రివ్యూ

నమస్కారం. బేగంపేట విమానాశ్రయంలోని ఒక హ్యాంగర్ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనుక ఉన్నది నాలుగు సీట్ల సెస్నా 172. పది రోజుల్లో దీని వార్షిక తనిఖీ మొదలవుతుంది. దానికి సిద్ధం కావడంలో ఈ ఏడాది మొదటిసారిగా వాడిన బోర్‌స్కోప్ గురించి, అంటే సన్నని తీగ చివర కెమెరా, చిన్న దీపం ఉండే పరికరం గురించి ఈ వీడియోలో చెబుతాను. దీన్ని నా సొంత డబ్బుతో 14,000 రూపాయలకు కొన్నాను.

కొనవలసిన అవసరం నిరుడు వచ్చింది. సిలిండర్‌లోకి చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపి, అది ఎంత నిలుపుకుంటుందో చూసే కంప్రెషన్ పరీక్షలో నాలుగింటిలో మూడు సిలిండర్లు 70కి పైన నిలబడ్డాయి, రెండో నంబరు సిలిండర్ మాత్రం 50 దగ్గరే ఆగిపోయింది. ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర చెవి పెడితే బుస్సుమని గాలి పోతున్న శబ్దం వినిపించింది. గాలి అటు పోతే లోపం కాలిన పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్‌ది, గాలిలో ఇంధనం కలిపే కార్బురేటర్ వైపు పోతే ఆ మిశ్రమాన్ని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వ్‌ది, ఆయిల్ పోసే చోట వినిపిస్తే పిస్టన్ రింగులది. విప్పి చూస్తే వాల్వ్ అంచు ఒక పక్క కాలిపోయి ఉంది. ఆ భాగం అమెరికా నుంచి వచ్చేదాకా విమానం నెల రోజులు కదలలేదు. వాల్వ్ సాధారణంగా ఒక్క రోజులో అలా కాలదు. ముందే చూసి ఉంటే ఆ నెల మిగిలేది, అంతకంటే ముఖ్యంగా, ఆ వాల్వ్‌తో నా భార్యనూ పిల్లలనూ ఎక్కించుకొని నేను ఎగిరి ఉండేవాణ్ణి కాదు.

ఈ పని మా లైసెన్సు ఉన్న ఇంజినీరు గారి సమక్షంలోనే జరిగింది. స్పార్క్ ప్లగ్గులు విప్పిందీ, తిరిగి బిగించిందీ ఆయనే. ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ప్లగ్గులకు నిప్పురవ్వ కోసం కరెంటు పుట్టించే మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదు; దాన్ని ఆపి ఉంచే గ్రౌండ్ తీగ తెగి ఉంటే, తాళంచెవి మన జేబులో ఉన్నా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పగానే ఇంజిన్ అంటుకోవచ్చు. అందుకే ముందుగా ఎనిమిది ప్లగ్గుల తీగలూ తీసి పక్కన పెట్టాం.

ఇక పనితీరు. పైవైపు ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి తీగను దించి, పిస్టన్‌ను అడుగుకు చేర్చి, కెమెరా కొనను పైకి వంచితే వాల్వ్ ముఖం ఎదురుగా కనిపిస్తుంది. కొన వంగని చవక రకాలు పిస్టన్ తలనే చూపిస్తాయి కాబట్టి ఈ పనికి నేను సిఫారసు చేయను. మొదటి సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్‌ను ఇప్పుడు తెరమీద చూడండి: మధ్యలో ఎర్రమట్టి రంగు, దాని చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా సమానమైన వలయాలు, నెమలి కన్నులాగా. ఆరోగ్యంగా ఉన్న వాల్వ్ ఇలాగే ఉంటుంది. వలయాలు ఒక పక్కకు జరిగిపోయి, అంచున ఆకుపచ్చ ఛాయ తేలితే, ఆ చోట వాల్వ్ సరిగ్గా ఆనకుండా వేడెక్కుతోందని అనుమానించాలి.

లోపాలూ ఉన్నాయి. దీపం వెలుగు మరీ తెల్లగా ఉండటంతో రంగులు పాలిపోతాయి. వెలుగును సగానికి తగ్గిస్తేనే ఆ ఆకుపచ్చ తేడా తెలిసింది. లెన్సుకు నూనె అంటితే అంతా పొగమంచే, ప్రతిసారీ తుడవాలి. తీగ తిరిగినకొద్దీ బొమ్మ తలకిందులవుతుంది కాబట్టి ఏ ఫొటో ఏ సిలిండర్‌దో అప్పటికప్పుడే రాసుకోకపోతే తర్వాత పోల్చుకోలేం. కంప్రెషన్ పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు, రెండూ కావాలి.

మిగతా సన్నాహం క్లుప్తంగా చెబుతాను. విమానం, ఇంజిన్, ప్రొపెల్లర్ లాగ్‌బుక్కులు మూడూ సరిచూసి, గడువు దగ్గరపడిన పనులకు చీటీలు పెట్టాను. సీటు పట్టాలను గుడ్డతో తుడిచి ఉంచాను; పిన్ను దిగే రంధ్రాలు అరిగితే టేకాఫ్‌లో సీటు వెనక్కి జారిపోయే ప్రమాదం సెస్నాలలో తెలిసినదే, పైగా మురికి కింద అరుగుదల కనిపించదు. విమాన వేగం కొలవడానికి గాలిని పట్టే పిటాట్ గొట్టానికి తొడుగు ఉండటం వల్ల కందిరీగలు గూడు కట్టలేదు.

సొంత విమానం ఉండి, ఇంజినీరు గారితో కలిసి పనిచేసే వీలున్నవారికి ఈ బోర్‌స్కోప్ కొనమనే చెబుతాను. మూడో సిలిండర్ ఫొటోలో వలయం కొంచెం ఎడమకు జరిగినట్టు నాకు అనిపించింది. ఫొటో చూసిన ఇంజినీరు గారు, "ఇప్పుడే ఏమీ తేల్చకండి, కంప్రెషన్ పరీక్ష దాంతోనే మొదలుపెడదాం" అన్నారు. తనిఖీ రోజు ఆ అంకె ఎంత వస్తుందో ఇదే ఛానెల్‌లో చూపిస్తాను.