బొలెరోకి స్కార్పియో వీల్స్ ఎక్కించాం: అడాప్టర్ల మీద ఉన్నదున్నట్టు రివ్యూ

అందరికీ నమస్తే. నల్గొండ, దేవరకొండ, అచ్చంపేట సైడు నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒక్కటే. "అన్నా, పాత స్కార్పియో టైర్లు డిస్కులతో (రిమ్ములతో) సహా చవగ్గా దొరుకుతున్నయ్, మన బొలెరోకి అడాప్టర్ పెట్టి ఎక్కించొచ్చా?" ఎక్కించొచ్చు. ఇదిగో, ఎక్కించిన బండి. మా బావమరిదిది, బత్తాయి తోటకి తిప్పుతుంటాడు. చూడ్డానికి మస్తుంది, అందులో డౌట్ లేదు. కానీ నన్నడిగితే మాత్రం వద్దనే అంటా, ఎందుకో విప్పి చూపిస్తా.

బొలెరో హబ్ మీద, అంటే వీల్ కూర్చునే చోట, అయిదు స్టడ్లుంటాయి, అంటే నట్లు బిగించే మర కడ్డీలు. వాటి మధ్యల మీదుగా ఒక సర్కిల్ గీస్తే దాని వ్యాసం 139.7 మి.మీ. దీన్నే పీసీడీ అంటారు. పాత స్కార్పియోకి కూడా అయిదే, కాకపోతే 160. నేను మాట్లాడేది పాత స్కార్పియో గురించి, కొత్త స్కార్పియో-ఎన్ గురించి కాదు. అందుకే నేరుగా ఎక్కదు, మధ్యలో ఈ అల్యూమినియం ముక్క, అదే అడాప్టర్, కావాలి. దగ్గరగా చూడండి, లోపలి వరసలో అయిదు రంధ్రాలు, అవి బొలెరో స్టడ్లకి. వాటి సందుల్లో కొంచెం బయటికి కొత్త స్టడ్లు, స్కార్పియో డిస్క్ వాటికి బిగుస్తుంది. మందం 32 మి.మీ.

కొందరు ఫార్చ్యూనర్ వీల్స్ అడుగుతున్నారు. వాటికి ఆరు హోల్స్, సర్కిల్ మాత్రం అదే 139.7. వినడానికి ఇంకా సులువనిపిస్తుంది కదా? కాగితం మీద గీసి చూడండి, ఒకే సర్కిల్ మీద అయిదూ ఆరూ కలిపి పెడితే ఎట్లా తిప్పినా ఎక్కడో ఒక చోట పాత రంధ్రం సెంటర్‌కీ కొత్త స్టడ్ సెంటర్‌కీ మధ్య దూరం 7 మి.మీ. కాస్త దాటుతుంది, అంతే. స్టడ్ మందమే 12 మి.మీ. ఉంటే ఇక మధ్యలో లోహం ఎక్కడుంటుంది? అట్లాంటిది ఎవరైనా తెచ్చి చూపిస్తే డబ్బులు తీసే ముందు ఆ జాగా చూడండి.

ఇక బిగించే పని. హబ్ మీద తుప్పు, పాత పెయింట్ పెచ్చులు వైర్ బ్రష్‌తో శుభ్రంగా గీకాలి, ఎందుకంటే అడాప్టర్ సమంగా కూర్చోకపోతే నట్టు ఎంత బిగించినా తర్వాత వదులవుతుంది. ఎయిర్ గన్‌తో టర్రుమనిపించి వదిలేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచ్ తోనే, ఎదురెదురుగా ఒకటొకటే బిగించాలి. పాత స్టడ్లు అడాప్టర్ దాటి బయటికొస్తే డిస్క్ వాటికి ఆనుకుంటుంది, అప్పుడు కొంతమంది గ్రైండర్‌తో స్టడ్లే కోసేస్తారు. ఆ పని మాత్రం చేయనివ్వకండి, రేపు ఒరిజినల్ డిస్క్ ఎక్కించినప్పుడు నట్టు పట్టుకోవడానికి మర ఉండదు. మనూళ్ల లేత్‌లో ఇనుప ప్లేట్ కోసి, స్టడ్లు వెల్డింగ్ పెట్టి అడాప్టర్ అని ఇస్తున్నారు చూడండి, దాని గురించి నేను మాట్లాడను కూడా.

అసలు తలనొప్పి బిగించిన తర్వాత మొదలవుతుంది. కొత్తగా వేశాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ బిగించాలి. మామూలు వీల్‌కైతే అయిదు నిమిషాల పని. ఇక్కడ అడాప్టర్ నట్లు డిస్క్ వెనకాల దాక్కుని ఉంటాయి, అంటే జాకీ పెట్టి నాలుగు వీల్సూ విప్పితే తప్ప లోపలివి కనిపించవు. ఇన్ని పనులుండగా ప్రతిసారీ ఎవరు విప్పుతారు చెప్పండి?

తర్వాత స్టెప్నీ. కంపెనీ స్టెప్నీ 139.7 ది, అడాప్టర్ మీద కూర్చోదు. డిండి దాటి మన్ననూరు అడవిలో పంక్చర్ అయిందనుకోండి, వీల్ విప్పాక అడాప్టర్ కూడా విప్పాలి, దాని నట్లేమో గుంటల్లో లోపలికి ఉంటాయి, బండితో వచ్చిన వీల్ పానా అందులో దూరదు, సన్న గోడ ఉన్న పొడుగు సాకెట్ కావాలి. అదంతా చీకట్లో చేసి ఒక పక్క చిన్న టైరుతో ఇంటికి రావాలి. కాబట్టి అయిదో స్కార్పియో వీల్ కూడా కొనాల్సిందే, ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

నడిపితే ఎట్లుంది? బొలెరో టైర్ 215/75 ఆర్15, ఇది 235/70 ఆర్16. మొత్తం ఎత్తు సుమారు 32 మి.మీ. పెరిగింది, బండి కింద జాగా పెరిగేది అందులో సగం, 16. మీటర్ 80 చూపిస్తే బండి నిజానికి 84 దగ్గర పోతోంది. అడాప్టర్ మందం వల్ల వీల్ బయటికి జరిగింది, ఆఫ్‌సెట్ (డిస్క్ హబ్‌కి ఆనే ముఖం వీల్ మధ్య గీత నుంచి ఎంత పక్కకుందో ఆ కొలత) తేడా ఉంటే అది వేరే. బరువు పడే చోటు బేరింగ్‌కి దూరమైంది, బేరింగ్ మీద వంపు ఒత్తిడి పెరిగింది. ముందు చక్రం గుంతలో పడితే స్టీరింగ్ చేతిలోంచి గుంజుతోంది. వాన పడ్డ చెల్కలోకి దిగితే టైర్ మడ్‌గార్డ్ దాటి ఉంది కాబట్టి ఎర్ర బురదంతా డోర్ హ్యాండిల్ దాకా కొడుతోంది. బావమరిదికి ఇది బాగా నచ్చింది, ఎందుకో నాకర్థం కాలేదు!

చట్టం సంగతి కూడా వినండి. అనుమతి లేని మార్పు చేస్తే మోటారు వాహన చట్టం 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది వీల్సే.

పెద్ద వీల్ కావాలనే పట్టుదల ఉంటే అడాప్టర్ జోలికి పోకుండా అయిదు హోల్స్ 139.7 లోనే వచ్చే 16 అంగుళాల డిస్కులు వెతకండి. మధ్య రంధ్రం హబ్‌కి సరిపోతుందా అని కొలవండి, డిస్క్ ఎంత బరువు మోస్తుందో వెనకాల చూడండి. జిమ్నీ వీల్స్ కూడా ఇదే పీసీడీ కదా అని ఎక్కించకండి, జిమ్నీ తేలిక బండి. దాని టైర్ మీద లోడ్ నంబర్ 96, అంటే 710 కిలోలు. 100 నంబర్ టైర్ 800 మోస్తుంది. బొలెరోలో వెనకాల మనం ఎంత నింపుతామో మీకు తెలుసు.