టింటర్న్ అబ్బే: పైకప్పు లేని చర్చి మీద ఇంత మోజు ఎందుకు?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. వేల్స్‌లో వై నది ఒడ్డున ఉన్న టింటర్న్ అబ్బేకు పైకప్పు లేదు, కిటికీలకు అద్దాలు లేవు. అయినా జనం టికెట్టు కొనుక్కుని మరీ చూసి వస్తున్నారు. అక్కడికి రెండుసార్లు వెళ్లివచ్చిన మిత్రురాలు ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, ‘అబ్బే’ అనగానే తెలుగు చెవికి ముందు పెదవి విరుపే వినిపిస్తుంది కదా!

అతిథి: ఆ పెదవి విరుపు చాలాకాలం దానికి సరిగ్గానే సరిపోయిందండీ. అబ్బే అంటే క్రైస్తవ సన్యాసుల మఠం. సిస్టర్షియన్ అనే శాఖకు చెందిన సన్యాసుల కోసం వాల్టర్ డి క్లేర్ అనే ప్రభువు 1131లో దీనిని స్థాపించాడు. ఇప్పుడు మనం చూసే పెద్ద చర్చి నిర్మాణం 1269లో మొదలైంది. 1536లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దుచేసి ఆస్తులు లాక్కున్నప్పుడు ఇదీ మూతపడింది. ఆ తరువాత రెండు వందల ఏళ్లకు పైగా దానిని చూసి ముచ్చటపడినవారు అరుదు; అది బీదవాళ్లు గోడలకు ఆనించి గుడిసెలు వేసుకునే చోటుగా మిగిలింది.

వ్యాఖ్యాత: యుద్ధాలలో కూలిపోయిందా?

అతిథి: లేదండీ, దానిని కూల్చింది సీసం. పైకప్పు మీద పరిచిన సీసపు రేకులకు మంచి ధర పలికేది కనుక వాటిని ఒలిచి అమ్మేశారు. నాలుగు పెంకులు జారితే రెండు వానాకాలాలలో వాసాల గతి ఏమవుతుందో మన పెంకుటిళ్లలో పెరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఈ రోజు మనకు అందంగా తోచే నెత్తిమీది ఆకాశమూ, కాళ్ల కింది పచ్చికా ఆ అమ్మకం మిగిల్చినవే. తూర్పు గోడలోని పెద్ద కిటికీలో నడుమ సన్నని రాతి కడ్డీ ఒక్కటే నిలిచి ఉంది. దానికి రెండు వైపులా, రంగుటద్దాలు ఉండవలసిన చోట, అవతలి కొండమీది చెట్లు కనిపిస్తాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు సన్నగా తుంపర పడుతోంది, ఆ తుంపర చర్చి లోపలా బయటా ఒకేలా పడుతోంది. గొడుగు తెరవాలా వద్దా అని గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించాను.

వ్యాఖ్యాత: మరి ‘అబ్బే’ కాస్తా ‘ఆహా’ ఎప్పుడు అయింది?

అతిథి: 1770లో విలియం గిల్పిన్ అనే మతబోధకుడు వై నది మీద పడవ ప్రయాణం చేశాడు. 1782లో అచ్చయిన ఆయన పుస్తకం ప్రకృతిని చిత్రకారుడి కంటితో చూడటం జనానికి నేర్పింది. చిత్రమేమిటంటే, టింటర్న్ ఆయనకు పూర్తిగా నచ్చలేదు. పైన మిగిలిన త్రికోణపు గోడలు మరీ తీరుగా ఉన్నాయనీ, సుత్తితో నేర్పుగా కొడితే మేలనీ రాసి, అంతటి సాహసం ఎవరు చేస్తారని తానే అన్నాడు. అంటే శిథిలం చాలినంత శిథిలంగా లేదని ఆయన ఫిర్యాదు! తరువాత ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చి విదేశీ యాత్రలు కష్టం కావడంతో, డబ్బున్న ఆంగ్లేయులు ఎగువన రాస్ అనే ఊళ్లో పడవెక్కి దిగువన చెప్‌స్టో ఊరి దాకా ప్రయాణించడం మరింత పెరిగింది. చిత్రకారుడు టర్నర్ బొమ్మలు వేశాడు, 1798లో వర్డ్స్‌వర్త్ కవిత రాశాడు. మన డిగ్రీ తరగతులలో ఆ కవితను బట్టీపట్టినవారు మళ్లీ తిరగేసి చూడండి, పేరులో తప్ప అందులో మఠం ప్రస్తావనే లేదు.

వ్యాఖ్యాత: కోటల ఆకర్షణ కూడా ఇలాంటిదేనా?

అతిథి: నా మటుకు నాకు అది వేరు. మఠంలో లేనిదాన్ని ఊహించుకుంటాను, కోటలో ఉన్నదాన్ని తడిమి చూడాలనిపిస్తుంది. నది దిగువన 1067లో మొదలైన చెప్‌స్టో కోటలో ఒక జత చెక్క తలుపులు ఉన్నాయి. కలపలోని వలయాలను లెక్కించి అవి 1190 కంటే ముందువని తేల్చారు. 1962 వరకు ద్వారానికే ఉండేవి, ఇప్పుడు లోపల భద్రపరిచారు. బయటివైపు ఇనుప రేకుల తాపడం, లోపలివైపు గళ్లుగా బిగించిన అడ్డుకర్రలు చూస్తే, మన పల్లెలో వడ్రంగి చేతిపని చూసినట్టే అనిపించింది.

వ్యాఖ్యాత: రెండోసారి వెళ్లినప్పుడు టింటర్న్ ఎలా ఉంది?

అతిథి: గిల్పిన్ మెచ్చుకున్న, గోడలకు పాకిన ఐవీ తీగలను 1901లో మఠాన్ని ప్రభుత్వం కొన్న తరువాత పీకించివేశారు, అవి ఎలాగూ లేవు. ఈసారి గోడలకు పరంజా కట్టి ఉంది. మేస్త్రీ ఒకాయన పైన కూర్చుని, రాళ్ల సందుల్లో పాత గచ్చును గీకి, సున్నం కూరుతున్నాడు. గోడను పైకి ఒక్క వరుస కూడా పెంచరట. ఉన్న రాయి ఉన్నచోట నిలిస్తే చాలట.